బస్తర్ ఓటు: యుద్ధం ఒకచోట, తీర్పు మరోచోట

భిలాయి-3 బస్తర్‌లో లేదు. దుర్గ్ జిల్లాలో, రాయ్‌పూర్ వెళ్లే రైలు మార్గం మీద ఉంది. ఛత్తీస్‌గఢ్ మాజీ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ఇల్లు ఇక్కడే. పక్కనే ఉన్న ఉక్కు కర్మాగారం దశాబ్దాల పాటు దల్లీ-రాజహరా ఖనిజంతో నడిచింది. ఆ నిల్వలు తరిగాక చూపు రావ్‌ఘాట్ కొండల మీద పడింది. అక్కడికి వేసిన రైలు మార్గానికి కేంద్ర బలగాలు కాపలా కాయాల్సి వచ్చింది. భిలాయి కొలిమికి, బస్తర్ అడవికి ఉన్న సంబంధం ఇది.

రాష్ట్ర శాసనసభలో 90 స్థానాలుంటే బస్తర్ డివిజన్‌వి 12. యుద్ధం ప్రధానంగా అక్కడ, అధికారం ఎవరిదో తేల్చేది మాత్రం ఎక్కువగా మైదాన ప్రాంతం. అక్కడ పనిచేసేది వరి ధర, బియ్యం, రుణమాఫీ. 2018లో కాంగ్రెస్ క్వింటాల్ ధాన్యానికి 2,500 రూపాయలంది, 68 స్థానాలు గెలిచింది. 2023లో బీజేపీ 3,100 అంది, మహిళలకు నెలకు వెయ్యి రూపాయలంది, 54 గెలిచింది.

అలాగని బస్తర్ ఓటు ఒకే వైపు ఉండదు. 2008లో ఆ 12లో 11 బీజేపీవి. 2013లో 8, 2018లో 11 కాంగ్రెస్‌వి. 2023లో 8 మళ్లీ బీజేపీవి.

దంతెవాడ కథ వేరుగా చెప్పుకోవాలి. 2005లో మొదలైన సల్వా జుడుంకు ముందు నిలిచిన కాంగ్రెస్ నేత మహేంద్ర కర్మ 2008లో అక్కడ మూడో స్థానానికి పడిపోయారు. జుడుంకు అండగా నిలిచిన రమణ్ సింగ్ ప్రభుత్వం మాత్రం తిరిగి గెలిచింది. ఒకే పనికి నాయకుడికి శిక్ష, ప్రభుత్వానికి బహుమతి! చౌక బియ్యాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఇది అర్థం కాదు. 2013 మే 25న ఝీరం ఘాటీలో మావోయిస్టులు కర్మను, పీసీసీ అధ్యక్షుడు నందకుమార్ పటేల్‌ను చంపారు. గాయపడిన విద్యాచరణ్ శుక్లా జూన్‌లో మరణించారు. ఆ ఏడాది దంతెవాడలో కర్మ భార్య దేవతి గెలిచారు, రాష్ట్రంలో కాంగ్రెస్ ఓడింది. 2018లో ఆమెను ఓడించిన బీజేపీ ఎమ్మెల్యే భీమా మండావి 2019 ఏప్రిల్ 9న, లోక్‌సభ పోలింగ్‌కు రెండు రోజుల ముందు, మందుపాతరకు బలయ్యారు. ఉప ఎన్నికలో పోటీ ఇద్దరు వితంతువుల మధ్యే: దేవతి కర్మ, ఓజస్వి మండావి. దేవతి గెలిచారు.

పేరున్న వారి చావు ఉప ఎన్నిక తెస్తుంది. జుడుంలో స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా తుపాకీ పట్టిన ఆదివాసీ యువకుల చావు అదీ తేదు. ఐదో తరగతి చదువు, నెలకు 3,000 రూపాయల గౌరవ భృతి. వారిలో 173 మంది చనిపోయారని ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు చెప్పింది. 2011 జూలై 5న జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్ ధర్మాసనం ఆ నియామకాలను రాజ్యాంగ విరుద్ధమంది. రాష్ట్రం అదే ఏడాది కొత్త చట్టం తెచ్చి ఆ యువకుల్ని సహాయక సాయుధ బలగంగా మార్చింది. పేరు మారింది, పని పెద్దగా మారలేదు.

పద్నాలుగేళ్ల తర్వాత ఆ తీర్పే ఎన్నికల అంశమైంది. 2025లో ప్రతిపక్షాల ఉపరాష్ట్రపతి అభ్యర్థిగా నిలిచిన సుదర్శన్ రెడ్డి నక్సలిజానికి ఊతమిచ్చారని, ఆ తీర్పు లేకుంటే అది 2020కే అంతమయ్యేదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఆరోపించారు. తీర్పు తనది కాదు, సుప్రీంకోర్టుది, ముందు చదవమని రెడ్డి బదులిచ్చారు. మాజీ న్యాయమూర్తులు రెండు వర్గాలై ప్రకటనలిచ్చారు. సెప్టెంబరు 9న సి.పి.రాధాకృష్ణన్‌కు 452, రెడ్డికి 300 ఓట్లు వచ్చాయి. ఓటేసింది ఎంపీలు. బస్తర్ జనాన్ని ఎవరూ అడగలేదు.

అంతకు ముందే, మే 21న, మావోయిస్టు ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లా వాసి నంబాళ్ల కేశవరావు నారాయణపూర్ అడవుల్లో ఎన్‌కౌంటర్‌లో మరణించారు. 2026 మార్చి 31 నాటికి ఉద్యమాన్ని తుడిచిపెడతామని కేంద్రం గడువు పెట్టుకుంది.

జుడుం కాలంలో ఊళ్లు వదిలి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చిన గొత్తికోయలు వేలల్లో ఉన్నారు. వీరిని తెలంగాణ షెడ్యూల్డ్ తెగగా గుర్తించలేదు. పోడు పట్టా అడిగితే అటవీ శాఖ ఛత్తీస్‌గఢ్ వైపు చూపిస్తుంది.