కాఫీ గింజ – కమ్మటి వాసన



కాఫీ చరిత్ర ఎవరు చెప్పినా బాబా బుడన్ గారితోనే మొదలెడతారు. పదిహేడవ శతాబ్దంలో ఆయన మక్కా యాత్రకు వెళ్ళి, యెమెన్ దేశం నుంచి ఏడు కాఫీ గింజలు రహస్యంగా తెచ్చి, చిక్కమగళూరు దగ్గర కొండల్లో నాటారని ప్రతీతి. ఆ తరువాత తోటల సంగతి, దొరల సంగతి, ఓడల సంగతి. బాగానే ఉంది. మరి గింజ ఇంటికి చేరాక దాని వాసన పోకుండా కాపాడిందెవరు? ఆ మాట ఎత్తేవాళ్ళు తక్కువ.

కిటుకు ఒకటే. పచ్చి గింజ నిలవకు ఆగుతుంది, వేయించిన గింజ ఆగదు. బాగా ఎండి, నూటికి పది పన్నెండు పాళ్ళ తేమ మాత్రం మిగిలిన పచ్చి గింజ, చెమ్మ తగలకపోతే నెలల తరబడి చెడదు. వేయించిన కొన్నాళ్ళకే వాసన తగ్గిపోతుంది. పొడి చేస్తే మరీ తొందర, ప్రతి రవ్వకూ గాలి సోకుతుంది కదా! అందుకేనేమో, కాఫీకి పుట్టిల్లయిన ఇథియోపియాలో అతిథి వచ్చాకే ఆడవాళ్ళు పచ్చి గింజలు కడిగి, వేయించి, రోట్లో దంచి, మట్టికూజాలో కాచి ఇస్తారు.

మన ఇళ్ళలోనూ ఒకప్పుడు అంతే. పచ్చి గింజలు డబ్బాకు పోసుకోవడం, రెండు మూడు రోజులకు చాలినన్ని మూకుట్లో వేయించడం, పొద్దున్నే చేతిమరలో ఆడించడం. మంట ఎక్కువైతే మాడు, తక్కువైతే పచ్చివాసన. ఆ అదను తెలిసింది ఇల్లాలికే.

అమెరికాలో కూడా గృహిణులు పచ్చి గింజలే కొని వేయించుకునేవారు. 1860ల్లో పిట్స్‌బర్గ్ వర్తకుడు జాన్ ఆర్బకిల్ వేయించిన గింజలను పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టాడు. గాలి సోకకుండా వాటికి గుడ్డుసొన, చక్కెర కలిపి పూత పూశాడు. 1900లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హిల్స్ బ్రదర్స్ వారు గాలి లాగేసిన డబ్బాలు తెచ్చారు. అయితే ఒక చిక్కు. వేయించిన గింజలోంచి బొగ్గుపులుసు వాయువు వస్తూనే ఉంటుంది. వెంటనే మూత బిగిస్తే డబ్బా ఉబ్బిపోతుంది. అందుకని గింజల్ని కొంతకాలం ఆరనిచ్చేవారు, ఆ మేరకు వాసనా పోయేది! తరవాత ఇటలీవారు సంచికి చిన్న కవాటం అమర్చారు. లోపలి వాయువు బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఇప్పటి కాఫీ సంచుల మీద గుండ్రంగా, చిన్న చిల్లుల్లా కనిపించేది అదే.

చూశారా, ఇన్ని యంత్రాలు కలిసి చేస్తున్నది ఇల్లాలు మూకుడుతో, మూత గట్టి డబ్బాతో చేసిన పనే! శ్రమ తగ్గింది, సంతోషం. పొగలో నిలబడి వేయించమని నేను ఎవరికీ చెప్పను. కానీ శ్రమతో పాటు ఆ తెలివిడీ పోకూడదు.

అరకు గింజలైనా, చిక్కమగళూరు గింజలైనా వారం పది రోజులకు చాలినన్నే కొనండి. వెలుతురు చొరని డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా పెట్టండి. ఫ్రిజ్‌లోంచి మాటిమాటికీ తీస్తే చల్లటి గింజకు చెమ్మ పడుతుంది, పక్కనున్న కూరల వాసనా పడుతుంది. పొడి మాత్రం ఏ పూటకాపూటే ఆడించుకోండి.

గింజలు తెచ్చినాయన పేరు బాబా బుడన్‌గిరి అని కొండకు పెట్టారు. వాటిని దాచి, వేయించి, పెట్టినవాళ్ళ పేరు ఏ డబ్బా మీదా లేదు. ఇంట్లో ఎవరైనా కాఫీ కమ్మగా ఉందన్నప్పుడైనా వాళ్ళను ఒకసారి తలుచుకుందాం. సెలవు.