మార్కోనీ దొంగిలించాడా? కలకత్తాలో వెతికిన జవాబు

ఈ వారం ఎస్సే ప్రాక్టీస్‌కి మేధో సంపత్తి హక్కులు తీసుకున్నాను. జీఎస్ పేపర్-3 సిలబస్‌లో ఉన్నదే. చట్టాల పట్టిక బట్టీ పట్టడం కంటే కలకత్తా చరిత్ర చదివితే విషయం బాగా గుర్తుంటుంది.

మన దేశంలో ఆవిష్కర్తలకు ప్రత్యేక హక్కులిచ్చిన తొలి చట్టం 1856 నాటి 6వ చట్టం. ఆ ఏడాది మార్చి 3న కలకత్తా గ్రాంట్స్ లేన్‌లో ఉండే సివిల్ ఇంజినీరు జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెనింగ్ పంకా లాగే యంత్రానికి దరఖాస్తు పెట్టాడు. అప్పట్లో దొరలకు గాలి రావాలంటే కూలీ తాడు లాగాల్సిందే. రాణి ఆమోదం తీసుకోకుండా చేసిన చట్టమని 1857లో దాన్ని రద్దు చేసి, 1859లో 15వ చట్టం తెచ్చారు. అందులో దిగుమతిదారుని ఆవిష్కర్త నిర్వచనం నుంచి తప్పించారు. ప్రిలిమ్స్‌కి ఇది చాలు.

మెయిన్స్‌కి పనికొచ్చేది అదే నగరంలో ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పిన జగదీశ్ చంద్ర బోస్ కథ. 'బోస్ పరికరాన్ని మార్కోనీ దొంగిలించాడు' అని మనలో చాలామంది రాస్తాం. ఒక మాక్ టెస్టులో నేనూ రాశాను, మార్కులు కూడా బాగానే పడ్డాయి. ఇప్పుడు చూస్తే ఆ వాక్యంలో రెండు పరికరాలు కలిసిపోయాయి.

మొదటిది ఇనుము, పాదరసంతో చేసిన కోహెరర్, అంటే రేడియో తరంగాలను పసిగట్టే సాధనం. దాన్ని బోస్ 1899లో రాయల్ సొసైటీ పత్రికలో బహిరంగంగా ప్రచురించారు, పేటెంట్ తీసుకోలేదు. 1901 డిసెంబరులో అట్లాంటిక్ మీదుగా సంకేతం అందుకోవడానికి మార్కోనీ వాడిన, ఇటలీ నౌకాదళం నుంచి వచ్చిన పాదరసపు కోహెరర్ మూలం బోస్ పత్రంలోనే ఉందని ప్రబీర్ బంద్యోపాధ్యాయ్ 1998లో వాదించారు. అది నిజమే అనుకున్నా, పేటెంట్ లేకుండా ప్రచురించిన దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. కనిపెట్టినవాడి పేరు చెప్పకపోవడం అన్యాయం, కానీ అది హక్కు ఉల్లంఘన కాదు.

రెండోది గెలీనా స్ఫటికంతో చేసిన డిటెక్టర్. దీనికి మాత్రం పేటెంట్ ఉంది. 1901 సెప్టెంబరు 30న అమెరికాలో దరఖాస్తు చేస్తే, 1904 మార్చి 29న 755840 నంబరుతో మంజూరైంది. అర్ధవాతక సాధనాల మీద తొలి పేటెంట్లలో ఒకటిగా దీన్ని లెక్కిస్తారు. ఈసీఈ చదివిన నాలుగేళ్లలో డయోడ్ గురించి ఎన్నో పేజీలు నింపాను గానీ, ఈ నంబరు మాకెవరూ చెప్పలేదు. బోస్‌కి ఇష్టం లేకపోయినా పట్టుబట్టి తీయించింది స్నేహితురాలు సారా బుల్. పేటెంట్‌లో సగం హక్కు ఆమె పేరునే ఉంది. బోస్ దాన్ని వ్యాపారానికి వాడుకోలేదు.

ఇక్కడ మన చట్టంలో ఒక మెలిక ఉంది. 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 31 ప్రకారం విద్వత్ సభలో చదివిన పత్రానికి 12 నెలల గడువుంది. ఆలోగా దరఖాస్తు చేస్తే కొత్తదనం పోయినట్టు కాదు. కాలేజీ ఫెస్టుల్లో ప్రాజెక్టులు ప్రదర్శించే జూనియర్లు ఆ మినహాయింపు తమకూ వర్తిస్తుందని ధీమాగా ఉండొద్దు. ముందు దరఖాస్తు, తర్వాతే ప్రదర్శన.

బోస్ మాత్రం మనసు మార్చుకోలేదు. 1917 నవంబరు 30న కలకత్తాలో తన సంస్థను ప్రారంభిస్తూ, అక్కడి పరిశోధనలకు పేటెంట్లు తీసుకోబోమని ప్రకటించారు.