దానమునకును వ్యాపారమునకును నడుమ రెండేండ్లు

అమెరికాలో ఒక పట్టణమునకు నీటి గొట్టములు వేయవలెనన్నను, మురుగు కాలువలు త్రవ్వవలెనన్నను, పాఠశాల కట్టవలెనన్నను, స్థానిక ప్రభుత్వములు బాండ్లను విక్రయించి ప్రజలయొద్ద ఋణము తెచ్చుట చిరకాలముగా సాగుచున్న పద్ధతి. హైదరాబాదు మహానగరపాలక సంస్థ 2018లో ఇట్టి బాండ్లవలన 200 కోట్ల రూపాయలు సమకూర్చుకొన్నపుడు మన పాఠకులకును ఇది కొంత పరిచయమైనది. ఆ బాండ్లను అమ్మిపెట్టు సంస్థను వేలముద్వారా ఎన్నుకొనవచ్చును, లేదా అధికారులే సంప్రదించి నియమింపవచ్చును. ఈ రెండవ మార్గమునందే చిక్కు పుట్టినది. నియమించు అధికారి ఎన్నికలలో నిలువవలసినవాడు గనుక అతనికి ధనము కావలెను. సంస్థకు వ్యాపారము కావలెను. చేయి తడపనిదే గుమ్మము తెరువబడదన్న ఆచారము ఈ విధముగా పలు రాష్ట్రములలో వేళ్లూనినను, ఎన్నికల చందా చట్టసమ్మతమగుటచేత దానిని లంచమని నిరూపించుట బహుదుష్కరమయ్యెను.

1993లో వాటాల, బాండ్ల విపణిని పర్యవేక్షించు సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ అధ్యక్షపదవి చేపట్టిన ఆర్థర్ లెవిట్ ఈ దురాచారమును తొలగింప కంకణము కట్టుకొనగా, 1994 ఏప్రిలులో జి-37 అను నియమము అమలులోనికి వచ్చెను. అది చందాను నిషేధింపదు. చందా ఇచ్చిన సంస్థ, ఆ అధికారి ఏలుబడిలోని ప్రభుత్వముతో రెండు సంవత్సరములపాటు సంప్రదింపుల పద్ధతిని బాండ్ల వ్యాపారము చేయరాదని మాత్రము చెప్పును. బాండ్ల విభాగమున పనిచేయు ఒక్క ఉద్యోగి తన జేబులోనుండి ఇచ్చినను ఆ శిక్ష సంస్థకంతకును తగులును. తనకు వోటుహక్కు కల అభ్యర్థికి ఒక్కొక్క ఎన్నికకు 250 డాలర్లకు మించకుండ ఇచ్చుకొనుటకే మినహాయింపు. ఇచ్చినవాని మనస్సులో ఏమున్నదని ఈ నియమము విచారింపదు. దీని ఘనతయంతయు అందులోనే యున్నదని నా నిశ్చితాభిప్రాయము: మనుష్యుని అంతరంగమును శోధింపగల న్యాయస్థానము లేదు గనుక, ఇచ్చుటకును పుచ్చుకొనుటకును నడుమ కాలమనెడి గోడను కట్టినారు.

ఈ గోడను కూల్చుటకు న్యాయస్థానమున కెక్కినవాడు నేను నివసించు అలబామా రాష్ట్రమువాడే. విలియం బ్లౌంట్ అను ఆయన ఒకవంక బాండ్ల వ్యాపారి, మరొకవంక రాష్ట్ర డెమోక్రటిక్ పార్టీ అధ్యక్షుడు. చందా ఇచ్చుట వాక్స్వాతంత్ర్యములో భాగమనియు, దానిని అడ్డుట రాజ్యాంగవిరుద్ధమనియు ఆయన వాదించెను. ఈ వాదము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. తన నమ్మికకు తోడ్పడు నాయకునికి పది డబ్బులిచ్చు హక్కు ప్రజాస్వామ్యమున అల్పమైనది కాదు. అయినను 1995లో వాషింగ్టనులోని ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము, ఇట్టి అవినీతిలో ప్రతి సందర్భమును విడివిడిగా నిరూపింప నక్కరలేదని తలచి, నియమమునే నిలబెట్టినది.

పిమ్మట జరిగినది చరిత్రయే చెప్పవలసిన సంగతి. మా రాష్ట్రముననే 1871లో పుట్టి, ఇనుపఖనిజము, బొగ్గు, సున్నపురాయి చెంతచెంతనే దొరకుటవలన ఉక్కు నగరమైన బర్మింగ్‌హామ్, జెఫర్సన్ కౌంటీలో నున్నది. అక్కడి నదులలో మురుగు కలియుచున్నదన్న వ్యాజ్యమువలన 1996లో కౌంటీవారు కాలువల వ్యవస్థను బాగుచేయుటకు అంగీకరింపవలసి వచ్చి, అందుకొరకు చేసిన అప్పు 300 కోట్ల డాలర్లు దాటిపోయెను. అప్పటి కౌంటీ కమిషన్ అధ్యక్షుడైన లారీ లాంగ్‌ఫర్డ్, తరువాత నగర మేయరైనవాడు, ఆ లావాదేవీలలో బ్లౌంట్ సంస్థకు పని కల్పించినందుకు ప్రతిఫలముగా రోలెక్స్ గడియారములును, ఖరీదైన దుస్తులును, నగదును పుచ్చుకొన్నాడని 2009లో జ్యూరీ నిర్ణయించెను. అతనికి 15 సంవత్సరములును, నేరము నొప్పుకొన్న బ్లౌంట్‌కు 52 నెలలును కారాగారశిక్ష పడినవి. 2011 నవంబరులో కౌంటీ దివాలా ప్రకటించెను; అంతవరకు ఆ దేశమున ఏ స్థానిక ప్రభుత్వమును అంత పెద్ద దివాలాకు పోలేదు. నా ఇంటికి వచ్చు బిల్లులో త్రాగునీటి రుసుముకన్న మురుగునీటి రుసుమే నేటికిని అధికము; మా వీధిలో పింఛనుతో బ్రదుకు వృద్ధులకు అది నెలనెలా తప్పని భారము.

చందాను అరికట్టినంతమాత్రమున గడియారము ఆగదని దీనివలన తెలియును గదా! అందుచేతనే కానుకలకును వేరుగా హద్దు ఏర్పరచినారు. దళారీ సంస్థ ఉద్యోగి, తన వ్యాపారముతో సంబంధముగల మరొక సంస్థ ఉద్యోగికి సంవత్సరమునకు 100 డాలర్లకు మించిన కానుక ఇయ్యరాదను నియమము దశాబ్దములపాటు నడచినది. పండుగకు పంపిన పండ్లబుట్టను నలుగురు పంచుకొన్నచో నలుగురి పేరనుగూడ పుస్తకములో వ్రాసి, వెలను భాగించి చూపవలెను. ఇంటికి వచ్చినవారు చేతిలో పెట్టినదానిని కాదనుట మర్యాద కాదని పెరిగిన మనకు ఇది మోటుగా తోచవచ్చును. కాని కాదనలేక పుచ్చుకొని, పిదప మాట తీసివేయలేక నలిగిపోవు చిరుద్యోగికి, నా ఇష్టము కాదు, నియమమిట్లున్నదని చెప్పి ఎవ్వరి మనస్సును నొప్పింపకుండ తప్పుకొనుటకు ఇంతకన్న మంచి ఆధారము లేదు.

ఒక్క వెలితి మాత్రము నన్ను మిక్కిలి బాధించుచున్నది. దళారీ ఆటకు టిక్కెట్లు పంపి తాను రాకున్న అది కానుకయై హద్దునకు లోబడును. తానును ప్రక్కన కూర్చున్న అది ఆతిథ్యమై ఆ హద్దును తప్పించుకొనును. ప్రజల పొదుపు సొమ్మును మదుపుచేయు ఫిడెలిటీ సంస్థ వ్యాపారోద్యోగులు దళారీలనుండి 16 లక్షల డాలర్లకు మించిన ప్రయాణములును, వినోదములును, కానుకలును పొందినారని సెక్యూరిటీస్ కమిషన్ 2008లో తేల్చి, ఆ సంస్థచేత 80 లక్షల డాలర్లు కట్టించినది. ఆ ఉద్యోగులు ఎవరి పొదుపు సొమ్ముతో వాటాలు కొని అమ్ముచుండిరో, ఆ సామాన్యులకు ఆ విందులలో పాలును లేదు, వాటి ఎరుకయు లేదు. వారికొరకైనను ఆతిథ్యమునకుగూడ డాలర్లలో ఒక హద్దు నిర్ణయింపవలెను.