చరిత్రకారుడూ ఖాజీ: ఇబ్ను ఖల్దూన్ రచనలో, జీవితంలో మనిషి బాధ్యత

కొంతకాలం క్రితం ఒక నిఖా మజ్లిస్ ముగిసిన తరువాత వరుని తండ్రి నన్ను పక్కకు పిలిచి, తాము పుచ్చుకున్న జోడే కీ రఖమ్ ప్రస్తావన తానే తెచ్చారు. "మాకు మాత్రం ఇష్టమా మౌల్వీ సాబ్? సమాజం అలా ఉంది. పుచ్చుకోకపోతే అబ్బాయిలో ఏదో లోపముందనుకుంటారు" అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. సమాజం నిజంగానే అలా ఉంది. కాని ఆ సొమ్ము చేరింది ఆయన ఇంటికే.

ఆ రోజుల్లో నేను ఇబ్ను ఖల్దూన్ (రహ్మతుల్లాహి అలైహ్) రచించిన 'ముఖద్దిమా'లోని కొన్ని ప్రకరణాలను తెనిగిస్తున్నాను. మనిషి నడవడిని సమాజం ఎలా మలచుతుందో ఆయనంత క్రమబద్ధంగా వివరించినవారు అంతకు పూర్వం మన పండితులలో కానరారు. అదే వ్యక్తి జీవితపు చివరి ఇరవై రెండేళ్ళలో ఆరుసార్లు కైరోలో మాలికీ ఖాజీ పదవి నిర్వహించారు. ఖాజీ ముందు నిలబడేది ఫలానావారి కుమారుడు ఫలానా. అతని వెనుక ఉన్న సమాజాన్ని సమను పంపి రప్పించలేము. ఈ రెండు దృష్టులూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయి?

నిజానికి మనిషి బాధ్యతను గూర్చిన చర్చ ఇస్లామీయ చరిత్రలో చాలా పాతది. ఉమయ్యాల కాలంలో, పాలకుల దౌర్జన్యాలను సైతం దైవనిర్ణయం పేరుతో సమర్థించే ధోరణి తలెత్తినప్పుడు, బస్రాలో మఅబద్ అల్ జుహనీ వంటివారు మానవుడు తన పనులకు తానే కర్త అని వాదించారు. అలా ఖదరియ్యా, జబరియ్యా వాదాలు బయలుదేరాయి. తరువాత ఇమామ్ అష్అరీ (మరణం హి. 324) కర్మను సృష్టించేవాడు అల్లాహ్, దానిని ఆర్జించుకునేవాడు మనిషి అనే 'కస్బ్' సిద్ధాంతాన్ని స్థిరపరిచారు. విశ్వాస విషయాలలో ఇబ్ను ఖల్దూన్ ఈ మార్గానికి చెందినవారే. అయితే ఆయన ఆ పాత వాదంతో ఆగక, మనిషి ఆర్జన ఏ పరిసరాలలో జరుగుతుందనే ప్రశ్న వైపు చూపు మరల్చారు.

హి. 732 (క్రీ.శ. 1332)లో ట్యూనిస్‌లో జన్మించిన ఆయన, 1348-49 నాటి మహామారిలో తల్లిదండ్రులను కోల్పోయారు. ఫాస్, గ్రనడా, బిజాయా దర్బారులలో కొలువు చేశారు. ఒక ప్రభువును విడిచి మరొకరిని చేరారు. కుట్ర అభియోగంపై ఫాస్‌లో దాదాపు రెండేళ్ళు ఖైదు అనుభవించారు. చివరకు 1375లో అల్జీరియాలోని ఇబ్ను సలామా కోటలో ఏకాంతవాసానికి చేరి, 1377లో ఐదు మాసాలలో 'ముఖద్దిమా' తొలి ప్రతిని పూర్తిచేశారు.

ఈ గ్రంథంలో నన్ను ఎక్కువగా వేధించిన పదం 'అసబియ్యత్'. 'సంఘీభావం' అంటే పలచబడుతుంది, 'వంశాభిమానం' అంటే కురచవుతుంది. చివరకు అరబీ మాటనే ఉంచేశాను. ఇక 'మలకా' అన్నది మరీ ముఖ్యమైన పదం. ఒక పనిని పదేపదే చేయగా మనసులో పాతుకుపోయే గుణమది. ప్రతి శిశువూ ఫిత్రత్ మీదనే పుడుతుందని, తల్లిదండ్రులు దాన్ని తమ మార్గంలో మలచుతారని తెలిపే ప్రసిద్ధ హదీసును ఇబ్ను ఖల్దూన్ ఇక్కడ ఆధారంగా తీసుకుంటారు. మంచి చెడులలో ఏది ముందుగా మనసులో చోటు చేసుకుంటే రెండవది అంత దూరమవుతుందని ఆయన భావం. ఎడారి సంచార జాతులు నగరవాసులకంటే మేలుకు సమీపంలో ఉన్నారని చెప్పడంలోనూ ఆయన ఉద్దేశం ఇదే: వారి రక్తం శ్రేష్ఠమని కాదు, వారికి భోగాల అలవాటు ఇంకా అంటలేదని.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఆయన 'దూరం' అంటారు, 'కష్టం' అంటారు; 'అసాధ్యం' అనరు. వర్తకుల స్వభావాన్ని బేరసారాలు, తగాదాలు, ప్రమాణాలు దిగజారుస్తాయని రాసి, తమ హోదా వల్ల ఆ వ్యవహారాలను స్వయంగా చూసుకోనక్కరలేని వర్తకులు ఆ దోషానికి దూరంగా ఉంటారని వెంటనే మినహాయింపు ఇస్తారు. దెబ్బలతో చదువు చెబితే పిల్లలు భయంతో అబద్ధం, కపటం నేర్చుకుంటారని, పీడనలో మగ్గిన జాతుల స్వభావమూ ఇలాగే చెడుతుందని హెచ్చరిస్తారు. మదరసాలో బెత్తం రుచి ఎరిగిన నాకు ఈ ప్రకరణాన్ని తెనిగిస్తున్నప్పుడు కలం కొంచెం వేగంగానే సాగింది.

శిక్షల భయంతో నడిచే పాలన ప్రజల ధైర్యాన్ని హరిస్తుందన్న చర్చ ఇంకా లోతైనది. మరి సహాబాలు షరీఅత్ శాసనాలకు లోబడి కూడా ధైర్యం ఎందుకు కోల్పోలేదు? వారిని ఆపే శక్తి వారి లోపలే ఉండేదన్నది ఆయన సమాధానం. ధర్మం బోధించి నేర్పవలసిన విద్యగా మారాక ఆ శక్తి బయటికి, పాలకుని చేతిలోకి వచ్చిందంటారు. సమాజ ప్రభావాన్ని ఇంతగా నమ్మిన రచయిత, మనిషి లోపలి అదుపుకు ఇచ్చిన స్థానం ఇది.

ఆయన ప్రతి మాటనూ ఒప్పుకోనక్కరలేదు. యూనానీ భూగోళశాస్త్రాన్ని అనుసరించి, వేడి ప్రాంతాల ఆఫ్రికా జాతులను గురించి ఆయన రాసింది పొరపాటు. వారి రంగుకు హామ్‌కు తగిలిన శాపమే కారణమన్న కథను తోసిపుచ్చిన మేధావి, వాతావరణం పేరుతో మరో అపోహకు లొంగిపోయారు. పరిసరాల ప్రభావానికి ఆయనా అతీతుడు కారు.

1384లో సుల్తాన్ బర్ఖూఖ్ ఆయనను ఖాజీగా నియమించినప్పుడు కైరో న్యాయస్థానాల పరిస్థితి దయనీయంగా ఉండేది. పత్రాలకు సాక్ష్యం పలికే 'ఉదూల్'లో కొందరు అమీర్ల ఇళ్ళలో ఊడిగం చేస్తూ, ఆ పలుకుబడితో దొంగ సాక్ష్యాలు నడిపేవారు. వఖ్ఫ్ ఆస్తులను కాజేయడానికి షరతుల్లో లొసుగులు వెతికేవారు. ఒకే విషయంపై పరస్పర విరుద్ధమైన ఫత్వాలు వెలువడేవి. ఇదంతా ఆయనే తన ఆత్మకథలో వివరించారు.

సమాజం అలా ఉందని ఊరుకోవడానికి ఆయనకున్నంత పాండిత్యం మరెవరికీ లేదు. నగర జీవితం న్యాయాన్ని ఎలా కుళ్ళబెడుతుందో అంతకు ఏడేళ్ళ క్రితమే రాసి ఉన్నారు. అయినా దోషులైన సాక్షులను పేరుపేరునా శిక్షించారు, కొందరిని సాక్ష్యం నుండి నిషేధించారు. పెద్దల సిఫారసులు వినలేదు. అర్హత లేకుండా ఫత్వాలిస్తున్న తన సొంత మగ్రిబ్ ప్రాంతంవారిని సైతం విడిచిపెట్టలేదు. జయించినవారి వేషభాషలను ఓడినవారు అనుకరిస్తారని రాసిన ఆయన, ఈజిప్టు ఖాజీల దుస్తులు ధరించక మగ్రిబీ దుస్తులలోనే కొనసాగారట. ఆ కాఠిన్యం అవసరాన్ని మించిందని సమకాలికులు కొందరు విమర్శించారు. అందులో కొంత అసూయ ఉండవచ్చు, కొంత నిజమూ ఉండవచ్చు.

ఫిర్యాదులు ముమ్మరమయ్యాయి. అదే సమయంలో ట్యూనిస్ నుండి వస్తున్న ఆయన కుటుంబం ఓడ ప్రమాదంలో జలసమాధి అయింది. సుమారు ఏడాదికే పదవి పోయింది. ఆ తరువాత పద్నాలుగేళ్ళు అధ్యాపనంలో, హజ్ యాత్రలో, రచనలో గడిచాయి. 1399లో మళ్ళీ పిలిచారు, మళ్ళీ తొలగించారు. 1401లో దమిష్క్ వెలుపల తైమూర్‌ను కలిసి వచ్చాక కూడా ఆ పదవి వస్తూ పోతూనే ఉంది. ఆరవసారి నియమితులైన కొద్ది రోజులకే, హి. 808 రమజాన్‌లో (1406 మార్చి 17) ఖాజీగా ఉండగానే కన్నుమూశారు. కైరోలో బాబున్నస్ర్ వెలుపలి సూఫీల ఖబ్రస్తాన్‌లో ఆయనను ఖననం చేశారు.