ఒక్క అంకెలో ఒదగని దారుఢ్యం

కాలేజీ కుర్రాళ్ల దారుఢ్యాన్ని కొలిచే పని అమెరికాలో టేపుతో మొదలైంది. 1861లో ఆమ్హర్స్ట్ కళాశాలలో చేరిన వైద్యుడు ఎడ్వర్డ్ హిచ్‌కాక్ విద్యార్థుల ఎత్తు, బరువు, ఛాతీ కొలతలు ఏళ్ల తరబడి రాయించాడు. అవి ఒడ్డూ పొడుగూ చెప్పేవే గానీ సత్తువ చెప్పేవి కావు. ఆ లోటు తీర్చడానికి హార్వర్డ్‌లో డడ్లీ సార్జెంట్ పిడికిలి, నడుము, కాళ్ల బలాలను పరికరాలతో కొలిచి, అన్నీ కూడి ఒకే మొత్తంగా చూపాడు. తర్వాతి చిక్కంతా ఆ కూడికలోనే ఉంది. బలం ఉన్నవాడికి వేగమూ, దమ్మూ కూడా ఉంటాయన్న నమ్మకం లేనిదే అలా కూడటం కుదరదు. ఆ నమ్మకాన్ని అప్పటికి ఎవరూ పరీక్షించలేదు. 1921లో సార్జెంటే నిలుచున్న చోటు నుంచి పైకి ఎగిరే గెంతును మనిషి శారీరక పరీక్షగా ప్రతిపాదించాడు. ఈసారి కూడికైనా లేదు, ఒక్క గెంతే.

రెండో ప్రపంచ యుద్ధం దృష్టిని కండ నుంచి గుండెకు మళ్లించింది. 1943లో లూసియన్ బ్రూహా ప్రకటించిన హార్వర్డ్ స్టెప్ టెస్టులో 20 అంగుళాల ఎత్తున్న పీట మీదికి నిమిషానికి 30 సార్ల చొప్పున అయిదు నిమిషాలు ఎక్కి దిగాలి. తర్వాత కూర్చోబెట్టి, నిమిషం గడిచాక అర నిమిషం చొప్పున మూడు విడతలు నాడి లెక్కిస్తారు. గుండె ఎంత త్వరగా కుదుటపడితే అంత మంచి మార్కు. పిడికిలి బలంలో మొదటివాడు ఇందులోనూ మొదట రావాలని ఏమీ లేదు. బర్క్‌లీలో ఫ్రాంక్లిన్ హెన్రీ మరింత సూటిగా తేల్చాడు: సంకేతం వినగానే కదలిక మొదలుపెట్టే చురుకుకూ, ఆ కదలిక వేగానికీ దాదాపు సంబంధమే లేదు. నౌకాదళంలో కొత్తగా చేరిన యువకుల పరీక్షలను విశ్లేషించిన ఎడ్విన్ ఫ్లీష్‌మన్ 1964లో దారుఢ్యాన్ని పలు వేర్వేరు సామర్థ్యాలుగా విడదీశాడు.

అయినా కొలతలు కొన్ని బాగానే కలుస్తాయి కదా అనవచ్చు. 1968లో కెన్నెత్ కూపర్ పన్నెండు నిమిషాల పరుగుకూ ప్రయోగశాలలో కొలిచిన ఆక్సిజన్ వినియోగానికీ 0.897 సహసంబంధం చూపాడు. నిజమే, కానీ ఆ రెండూ కొలిచేది ఒకే దమ్మును. పైగా ఆయన పరీక్షించిన వైమానిక దళ సిబ్బందిలో దారుఢ్యపు తేడాలు ఎక్కువ. ఇంచుమించు ఒకే వయసు, ఒకే స్థాయి విద్యార్థుల్లో అదే సంబంధం పలచబడుతుంది. ఇక పరుగూ పుల్-అప్సూ కలిసి కదిలినా, వాటి వెనక చాలావరకు ఉండేది కొవ్వు బరువు: రెండిటిలోనూ ఒంటిని మోయాల్సిందే. పిడికిలి పరికరం దగ్గర లెక్క తిరగబడి, భారీ కాయానికే మొగ్గు ఉంటుంది. అలాంటప్పుడు బరువు సంగతి తేల్చకుండా కొలతల మధ్య బంధుత్వం కలపడం తొందరపాటే.

ఒకే గ్రేడు ఇస్తే పని సులువన్న వాదనను కొట్టిపారేయలేం, వందల మందిని పరీక్షించేవాళ్లకు వెసులుబాటు కావాలి. కానీ దమ్ము లేని బలవంతుడూ, బలం లేని పరుగు వీరుడూ ఒకే గ్రేడుతో బయటికొస్తే ఎవరికి ఏ కసరత్తు చెప్పాలో తెలియదు. 1980లో అమెరికా వ్యాయామ విద్యా సంఘం ఆరోగ్య సంబంధ పరీక్షలో దూరపు పరుగు, చర్మపు మడతల మందం, సిట్-అప్స్, కూర్చుని ముందుకు వంగడం అని నాలుగు అంశాలు పెట్టింది. దానికి కాలేజీ విద్యార్థుల ప్రమాణాలు 1985లో వచ్చాయి. మన కాలేజీల్లో ఫిట్‌నెస్ కార్డు అచ్చు వేయించేవాళ్లు ‘మొత్తం’ అనే గడి తీసేసి, ఏ కొలత గడి దానికే ఉంచితే చాలు.