అద్దములో లేని మచ్చ

హైదరాబాదు పాతనగరములో, మూసీనది దక్షిణపు ఒడ్డున సాలార్ జంగ్ మ్యూజియము గలదు. అందు ఒకే కొయ్యదుంగలో రెండువైపులా చెక్కిన బొమ్మ యొకటి యున్నది. ఎదుట మెఫిస్టోఫిలిస్ అను పిశాచము, వెనుకనున్న అద్దములో మార్గరెట్టా అను కన్య కనిపింతురు. ఆ బొమ్మలో రెండు రూపములును నిజమే. కాని కొందరి విషయములో ఇతరులు చూచు ముఖ మొకటి, అద్దములో తమకు తోచు ముఖము మరొకటి.

వారు మచ్చయనియో, ముడుతయనియో చర్మవైద్యుని ఆశ్రయింతురు. వైద్యునికి ఆ లోపము కనిపించదు, లేదా మిక్కిలి స్వల్పముగా కనిపించును. అయినను వారి బాధ నటన కాదు. ఈ బాధ చర్మములో లేదని గ్రహించుటకు వైద్యశాస్త్రమునకు చాలకాలము పట్టినది.

ఇటలీ వైద్యుడు ఎన్రికో మోర్సెల్లీ 1891లో ప్రకటించిన వ్యాసములో దీనిని 'డిస్మార్ఫోఫోబియా', అనగా వికృతరూపభయము అని పేర్కొనెను. భోజనము చేయుచున్నను, చదువుచున్నను, ఆ శంక రోగిని హఠాత్తుగా పట్టుకొనునని ఆయన వర్ణించెను.

1926లో వియన్నాలో ఫ్రాయిడు పూర్వరోగి సెర్గీ పాంకేయెఫ్ ఇట్టి బాధతోనే రూత్ మాక్ బ్రన్స్విక్ అను వైద్యురాలి వద్దకు వచ్చెను. ముక్కుపై చర్మవైద్యుడు చేసిన చికిత్స వలన మచ్చపడినదని అతని నమ్మకము. జేబుటద్దములో మాటిమాటికి చూచుకొనుచుండెడివాడు. ఆమెకు మాత్రము ఆ ముక్కుపై ఏమియు కనబడలేదు.

ఇది అపాయకరమని చర్మవైద్యులలో గట్టిగా హెచ్చరించినవాడు బ్రిటనుకు చెందిన కాటెరిల్. ఇది అరుదు కాదనియు, ప్రాణాంతకము కావచ్చుననియు ఆయన 1981లో వ్రాసెను. అమెరికా మనోవైద్యులు 1987లో దీనికి 'బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్' అను పేరు స్థిరపరచి, 2013లో దీనిని విడువని తలంపులతో పీడించు ఓ.సి.డి. వర్గములో చేర్చిరి. సామాన్యజనములో నూటికి సుమారు ఇద్దరికి ఇది యుండగా, చర్మవైద్యశాలలకు వచ్చువారిలో నూటికి పదిమందికి దరిదాపుగా ఉండునని పెక్కు అధ్యయనములు తెలుపుచున్నవి. ఈ రోగుల మెదడు ముఖమును మొత్తముగా గాక చిన్నచిన్న వివరములుగా పరిశీలించునని 2007లో కాలిఫోర్నియాలో జరిగిన పరిశోధన సూచించినది.

మన దేశములో దీనికి మరియొక చిక్కు తోడైనది. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వంటి లేపనములు వచ్చి, తెల్లదనమే అందమను భావమును పెంచినవి. తెల్లదనము కోరువా రందరును రోగులు కారు. కాని రోగియైనవాడు తృప్తి లేక మందు మార్చి మందు పూయును. స్టెరాయిడు లేపనములను వైద్యుని సలహా లేక పూసినచో చర్మము పలుచనై, ఎఱ్ఱబారి, మొటిమలు లేచును. లేని మచ్చకై పూసిన మందు నిజమైన చర్మరోగమును తెచ్చును. అందుచేతనే 2018లో కేంద్రప్రభుత్వము ఇట్టి పెక్కు లేపనములను చీటీ లేక అమ్మరాదని శాసించినది.

ఈ రోగము సాధారణముగా కౌమారములోనే, అనగా ఉన్నతపాఠశాల వయస్సులోనే మొదలగును. గంటలకొలది అద్దము చూచుట, ముఖము కప్పుకొనుట, బడికి రాకుండుట గుర్తులు. "నీ ముఖము బాగానే యున్నది" అను మాట వారికి చాలదు. ఎగతాళి ప్రాణము తీయవచ్చును. ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దు మానసిక చికిత్స, తగిన మందులు గుణమిచ్చును. టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేసిన ఉచితముగా సలహా దొరకును. ఉపాధ్యాయులు అట్టి విద్యార్థిని లేపనముల అంగడికి గాక మనోవైద్యునివైపు నడిపించిన మేలు.