కన్నం దొంగకి వకీలెందుకు?

కొన్నేళ్ళ క్రితం ఒక శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అపార్టుమెంటు వెనక తలుపు బార్లా తీసి ఉంది. ఆఫీసు లాప్‌టాప్, మా ఆవిడ గొలుసు, కెమెరా పోయాయి. రెండు వారాలకి పోలీసులు ఒక కుర్రాడిని పట్టుకున్నారు. లాప్‌టాప్ వాడి దగ్గరే దొరికింది. ఫోటో చూపిస్తే, "ఆ రోజు పొద్దున పార్కింగ్ లాట్‌లో తచ్చాడింది వీడే" అని చెప్పేశాను.

సాక్ష్యానికి రమ్మని కోర్టు నుంచి కాగితం వచ్చింది. వెళ్ళాను. కుర్రాడి పక్కన ఒక లాయరమ్మ. ఫీజు ప్రభుత్వానిదట, అంటే నా టాక్సుల్లోంచే అన్నమాట! ఆవిడ చాలా మర్యాదగా మూడు ప్రశ్నలు అడిగింది. వెనక తలుపు గడియ పెట్టారా? గుర్తు లేదు. మీరు చూసిన మనిషి ఎంత దూరంలో ఉన్నాడు? ఐదారు కార్ల అవతల. తలకి టోపీ ఉందా? నేను నీళ్ళు నమిలాను.

ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నాను. "దొంగోనికి సర్కారు ఖర్చుతోటి వకీలా? మంచిగున్నది బిడ్డా మీ అమెరికా!" అన్నారు. నాకూ సరిగ్గా అలాగే అనిపించింది. ఆ కోపంలోనే అసలు ఈ బర్గ్లరీ అంటే ఏమిటో చదవడం మొదలుపెట్టాను.

మనం అన్నిటినీ దొంగతనం అనేస్తాం గానీ చట్టానికి తేడాలున్నాయి. పరాయి సొత్తు ఎత్తుకుపోతే దొంగతనం. మనిషిని బెదిరించి, కొట్టి లాక్కుంటే దోపిడీ. నేరం చేసే ఉద్దేశంతో లోపలికి దూరితే బర్గ్లరీ. మన కన్నం వేయడానికి దగ్గర మాట. పాత ఇంగ్లీషు చట్టంలో అయితే అది రాత్రి పూట, ఒకరు నివాసముండే ఇంటి తలుపు పగలగొట్టి దూరడమే. అమెరికా రాష్ట్రాలు తర్వాత రాత్రి, నివాసం లాంటి షరతులు చాలావరకు సడలించాయి గానీ ఉద్దేశం మాత్రం అలాగే ఉంది. లోపల ఏమీ దొరక్కపోయినా నేరం నేరమే. ఇక్కడ నాకొకటి తట్టింది. దొంగ సొత్తు దగ్గరుండటం వేరు, ఇంట్లో దూరడం వేరు. లాప్‌టాప్ మొదటిదాన్నే రుజువు చేస్తుంది. రెండోదానికి ఆధారం నా మాటే!

ఇలా చదువుతుండగానే గిడియన్ కథ తగిలింది.

1961 జూన్ 3 తెల్లవారుజామున ఫ్లోరిడాలోని పనామా సిటీలో బే హార్బర్ పూల్‌రూం అనే చోట ఎవరో దూరారు. సిగరెట్ మెషీన్, పాటల మెషీన్ పగలగొట్టి చిల్లర, కొంత బీరు పట్టుకుపోయారు. హెన్రీ కుక్ అనే కుర్రాడు, లోపల క్లారెన్స్ ఎర్ల్ గిడియన్‌ని చూశానన్నాడు. గిడియన్ అంతకు ముందు దొంగతనాలకి జైలుకెళ్ళినవాడే. పోయినవి చిల్లర డబ్బులే అయినా, తలుపు పగలగొట్టి దూరడం వల్ల అది పెద్ద నేరమైంది.

నాకు లాయర్‌ని ఇప్పించండి అని ఆగస్టు 4న జడ్జిని అడిగాడు గిడియన్. ఉరిశిక్ష పడే కేసుల్లోనే ఇస్తామన్నారు. చేసేదిలేక తన కేసు తనే వాదించుకున్నాడు. ఐదేళ్ళు పడింది. 1962 జనవరిలో జైలు కాగితాల మీద పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి అర్జీ రాశాడు. కోర్టు అతని తరఫున ఏబ్ ఫోర్టస్ అనే పెద్ద లాయర్‌ని పెట్టింది. 1963 మార్చి 18న తొమ్మిది మంది జడ్జీలూ ఏకగ్రీవంగా, పెద్ద నేరం మోపినప్పుడు లాయర్‌ని పెట్టుకోలేని పేదవాడికి రాష్ట్రమే లాయర్‌ని ఇవ్వాలని తీర్పిచ్చారు. ఫ్లోరిడాలో దాదాపు 2,000 మంది ఖైదీలు విడుదలయ్యారు.

ఇదంతా చాలామందికి తెలిసిందే. నన్ను ఆపేసింది మాత్రం ఆ తర్వాత జరిగింది. గిడియన్‌ని వదిలెయ్యలేదు, మళ్ళీ విచారించారు. అదే ఊరు, అదే జడ్జి, అదే సాక్షి. మా భాషలో చెప్పాలంటే, ఇన్‌పుట్ అంతా అదే, మారింది ఒక్కటే. ఈసారి పక్కన ఫ్రెడ్ టర్నర్ అనే స్థానిక లాయర్ ఉన్నాడు. తెల్లవారుజామున నువ్వక్కడ ఏం చేస్తున్నావని కుక్‌నే నిలదీశాడు. సీసాతో బయటికొచ్చిన గిడియన్ ఫోన్ చేసి టాక్సీ కోసం నిలబడటం కూడా చూశానన్నాడు కుక్. ఎక్కించుకున్న డ్రైవరేమో, అతని చేతిలో సీసా లేదన్నాడు. జ్యూరీకి గంటసేపు పట్టింది. నిర్దోషి!

అంటే రెండేళ్ళ జైలుకి, విడుదలకి మధ్య ఉన్నది, ప్రశ్నలు అడగడం వచ్చిన ఒక మనిషి.

మన దగ్గర ఏమిటని వెతికితే నాన్న వాళ్ళ ప్రాంతమే ఎదురైంది. తెలంగాణ పోరాట కాలంలో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు ఉరిశిక్ష వేసిన రైతులు, మాకు వకీలును పెట్టుకునే అవకాశం ఇవ్వలేదని సుప్రీంకోర్టుకి వెళ్ళారు. జనార్దనరెడ్డి వర్సెస్ హైదరాబాద్ స్టేట్ అనే ఆ కేసులో, 1951లో, వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని కోర్టు అంది. ఉచిత న్యాయ సహాయం గురించి 39ఎ అధికరణం 1976లో గానీ రాజ్యాంగంలోకి రాలేదు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు దాన్ని హక్కు చేసింది. 1986లో సుఖ్‌దాస్ కేసులో, ఆ హక్కు ఉందని నిందితుడికి చెప్పకపోవడం కూడా తప్పేనని శిక్షే రద్దు చేశారు.

ఆ సంగతి నాన్నకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మా మేనమామను కూడా అప్పట్ల పట్టుకపోయిన్రు. అడిగెటోడు లేకుండె" అన్నారు. నాకు అంతవరకూ తెలీదు.

మా కేసులో బర్గ్లరీ ఆరోపణ నిలబడలేదు. దొంగ సొత్తు ఉంచుకున్నందుకు ఆ కుర్రాడు తప్పు ఒప్పుకుని చిన్న శిక్షతో బయటపడ్డాడు. మా ఇంట్లో దూరింది వాడో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ లాయరమ్మ అడక్కపోయుంటే, నాకు తెలీదన్న సంగతి కూడా నాకు తెలిసేది కాదు. వీడే అని ప్రమాణం చేసి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయేవాణ్ణి.